ఆయుధపూజకు ఆగిన గొంతు

"మా నాయన గొంతును ఎవరో చంపేసినారు సార్."

నటేశన్ నగర్‌లో ఉన్న ఆ చిన్న ఆఫీసు గడప దాటీ దాటకముందే ఆ అమ్మాయి అన్న మాట అది. ప్రైవేటు డిటెక్టివ్ చెంగల్రాయన్ దగ్గర అసిస్టెంటుగా చేరినప్పటి నుంచి దీపా చాలా కేసులే చూసింది. చెప్పాపెట్టకుండా మాయమైన మొగుళ్ళను వెతికింది, దొంగ పేర్లతో పెళ్ళిచూపులకు వచ్చిన వాళ్ళను పట్టించింది. గొంతును చంపడం మాత్రం పుట్టి బుద్ధెరిగి వినలేదు. చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టాలన్న ఆలోచన కూడా లేక అలాగే చూస్తూ ఉండిపోయింది.

చెంగల్రాయన్ మాత్రం తొణకలేదు, బెణకలేదు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, తన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఎదుటివాళ్ళ గుండె ఎంత దడదడలాడుతుంటే ఈయన అంత తీరిగ్గా అద్దాలు తుడుస్తాడు. దీపాకు ఆయన తెలివి మీద ఎంత గురి ఉన్నా, ఈ అద్దాలు తుడిచే పని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

వచ్చిన అమ్మాయి పేరు ఆర్. జనని. ఇల్లు మూలకుళం. తండ్రి రఘునాథన్ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కంప్యూటరంటే ఆయనకు ప్రాణం. పత్రికతో పాటు వచ్చిన సీడీతో ఇంట్లో తనే లైనక్స్ అనే సిస్టం వేసుకుని, దాని బాగోగులన్నీ తనే చూసుకునేవాడు. కిందటేడు ఆయనకు గొంతులో జబ్బు బయటపడింది. ఆపరేషన్ చేస్తే మాట పోతుందన్నారు డాక్టర్లు. అయితే మాట ఉండగానే చెప్పాల్సింది చెప్పేస్తానని రఘునాథన్ మైకు ముందు కూర్చున్నాడు. చిన్ననాటి ముచ్చట్లు, నాయనమ్మ పాడిన పాటలు, కూతురికి చెప్పాలనుకున్నవన్నీ కంప్యూటర్‌లో రికార్డు చేశాడు. ఆపరేషన్‌తో మాట పోయింది, కొన్నాళ్ళకు మనిషీ పోయాడు.

అప్పటి నుంచి జనని రోజూ సాయంత్రం పని నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుని నాయన గొంతు వింటుంది. అది వింటేనే ఆ పూట ఆమెకు అన్నం సహిస్తుంది. నిన్న సాయంత్రం చూస్తే ఫోల్డర్ బోసిగా ఉంది. వేరే కాపీ ఏమైనా తీసిపెట్టారా అని చెంగల్రాయన్ అడిగాడు. సీడీ రాసే పెట్టె చెడిపోయిందని, బాగుచేయిస్తామనుకుంటూనే రోజులు గడిచిపోయాయని చెప్పి జనని తలవంచుకుంది.

"ఎవరి మీదన్నా అనుమానం ఉండాదా అమ్మా?"

ఉంది. పక్కింటి వేల్మురుగన్, కంప్యూటర్లు రిపేరు చేసే కుర్రాడు. పాతది మొత్తం తుడిచేసి కొత్త సిస్టం వేసుకోమని ఎప్పటి నుంచో పోరుతున్నాడట. ఆ కంప్యూటర్ ముట్టుకున్న పరాయివాడు అతనొక్కడే.

ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నాడు చెంగల్రాయన్. మొన్న ఆయుధపూజ. నాయన తన చేత్తో ఆన్ చేసిన కంప్యూటరని, ఆయన పోయినప్పటి నుంచి జనని దాన్ని ఒక్కసారి కూడా ఆపలేదు. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంది, పని లేనప్పుడు తన పేరుతోనే తెరకు తాళం వేసి ఉంచేది. కానీ ఆయుధపూజ నాడు కత్తిపీట నుంచి స్కూటర్ దాకా అన్నిటికీ బొట్టు పెట్టి విశ్రాంతినివ్వాలి కదా, దీనికి మాత్రం ఎందుకు ఇవ్వకూడదని అమ్మ పంకజవల్లి పట్టుబట్టింది. ఎలా ఆపాలో జననికి తెలియదు. రఘునాథన్ అన్నీ టైపు చేసే నడిపేవాడు. అమ్మే పక్కన నిలబడి ఒక్కో అక్షరం చెబుతుంటే జనని కొట్టి ఆపింది. నిన్న పొద్దున జనని పనికి వెళ్ళాక వేల్మురుగన్ వచ్చి, కంప్యూటర్ ఆన్ చేసి, ప్రింటర్ సరిచేసి పోయాడు. సాయంత్రానికి ఫోల్డర్ ఖాళీ.

ఈ పొద్దున జనని అతన్ని నడివీధిలో నిలదీసింది. నేను కాదంటూ అతను బిక్కచచ్చిపోయాడట. దీపాకు మాత్రం అప్పుడే కేసు తేలిపోయినట్టు అనిపించింది. చేతులు కడుక్కుని సంతకం పెట్టడమే తరువాయి అనుకుంది.

మూలకుళంలో ఆ ఇంటి తలుపు తీసింది పంకజవల్లి. మనిషి నీరసంగా, రాత్రంతా నిద్రలేనట్టు ఉంది. కంప్యూటర్ గదిలోకి మాత్రం రాలేదు, గుమ్మంలోనే ఆగిపోయింది. చెంగల్రాయన్ ఆమెను, అక్కా, దీని సంగతి మీకేమైనా తెలుసా అని అడిగాడు. ఆ ఇంగ్లీషు మిషను గొడవ నాకేం తెలుసు తమ్ముడూ, అదంతా ఆయనకీ పాపకే అని చెప్పి ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కంప్యూటర్ పెట్టె మీద గంధం ఎండిపోయి ఉంది. స్విచ్చి మీద పెట్టిన కుంకుమ ఎవరి వేలికో అంటుకుని చెదిరింది. చెంగల్రాయన్ పెట్టె మూత విప్పించి లోపలికి టార్చి వేశాడు. "దీపా, డిస్కులు ఎన్ని కనిపిస్తున్నాయి?" అని అడిగాడు. రెండు, సార్ అంది దీపా. ఆయన మూత వేయించి, జనని చేత తెర తాళం తీయించి, ఏదో టైపు చేశాడు. తెర మీద డిస్కుల పేర్లు, ఎంత నిండాయో చూపించే వివరం వచ్చింది. అందులో ఉన్నది ఒక్క డిస్కే. ఆయన ఊఁ అన్నాడు గానీ ఇంకేమీ అనలేదు. ఇలా ఊఁ అని ఊరుకుంటే దీపాకు తిక్క రేగుతుంది, కానీ ఏం చేస్తుంది?

వేల్మురుగన్‌ను పిలిపించారు. పాపం, ఆ కుర్రాడి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆన్ చేశానని, ఎవరైనా వాడుకోవడానికి పెట్టిన గెస్ట్ పేరుతో లోపలికి వెళ్ళి ప్రింటర్ చూసి బయటికి వచ్చేశానని చెప్పాడు. పెద్దాయన పాస్‌వర్డ్ దొరికితే పని చిటికెలో అయ్యేదని, పెద్దమ్మను అడిగితే తెలియదన్నారని, అందుకే చుట్టుదారిలో తంటాలు పడ్డానని కూడా చెప్పాడు. పాతది తుడిచేయమని పోరింది నిజమే, కానీ రికార్డులు సీడీకి ఎక్కించాకే అని ప్రతిసారీ చెప్పానన్నాడు. జనని అది విననట్టు మొహం తిప్పుకుంది.

చెంగల్రాయన్ మళ్ళీ ఏదో టైపు చేశాడు. పూజ తర్వాత ఈ మిషన్‌లోకి ఎవరెవరు వచ్చి వెళ్ళారో అది చూపిస్తుందని చెప్పాడు. దీపా వంగి చూసింది. పైన జనని, నిన్న సాయంత్రం. అందరికంటే కింద గెస్ట్, నిన్న పొద్దున. ఆ రెండింటి నడుమ ఇంకో పేరు ఉంది. దీపా దాన్ని పైకే చదివింది.

రఘునాథన్. నిన్న మధ్యాహ్నం.

జనని గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది. పోయిన మనిషి నిన్న మధ్యాహ్నం వచ్చి తన కుర్చీలో కూర్చుని పోయినట్టుంది ఆ వరస. వేల్మురుగన్ రెండడుగులు వెనక్కి వేశాడు. దీపా కూడా వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది, సిగ్గు విడిచి ఒప్పుకోవాలంటే భయంతోనే చూసింది.

చెంగల్రాయన్ కళ్ళద్దాలు తీశాడు. "అక్కను పిలువమ్మా దీపా. అందరం కూర్చుందాం."

నలుగురూ ఆ గదిలోనే కూర్చున్నారు. పంకజవల్లి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. చెంగల్రాయన్ గొంతు పెంచకుండా మొదలుపెట్టాడు. చచ్చిన వాళ్ళు పాస్‌వర్డ్ కొట్టరు, బతికున్న వాళ్ళెవరో కొట్టారు. వేల్మురుగన్‌కు ఆ పాస్‌వర్డే తెలిసుంటే ప్రింటర్ కోసం అంత తంటాలు పడేవాడు కాదు. జననికి సొంత లాగిన్ ఉంది, నాయన గొంతు కోసం ప్రాణమిచ్చే పిల్ల. ఇంక ఈ ఇంట్లో ఉన్నది ఒక్కరు.

"ఆ మిషను గొడవ తెలియదన్నారు కదక్కా మీరు. మరి పూజకు ముందు దాన్ని ఎట్ల ఆపాలో పాపకు అక్షరం అక్షరం చెప్పింది ఎవరు?"

దీపాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట తన చెవులారా విన్నది. ఆఫీసులో, తన ఎదురుగా, జనని నోటితోనే విన్నది. విని కూడా దాన్ని గాలికి వదిలేసింది.

జనని తల్లి వైపు చూసింది. ఆ చూపు దీపా చూడలేకపోయింది. పంకజవల్లి కొంగుతో మొహం కప్పుకోలేదు, ఏడవలేదు. నేనే చేసినాను అంది. ఆయన మంచాన పడ్డాక, తన తర్వాత మిషను చూసుకోవడానికి ఎవరన్నా ఉండాలని లాగిన్ ఎట్ల చేయాలో, అక్కరలేనివి ఎట్ల తుడవాలో, ఎట్ల ఆపాలో కాగితం మీద రాసి చూపిస్తూ ఆమెకే నేర్పించాడట. ఇన్నాళ్ళూ తెర మీద జనని తాళమే ఉండేది. పూజ తర్వాత ఆన్ చేస్తే మొదటిసారి ఎవరి తాళమూ లేకుండా, పేరు అడుగుతూ నిలబడిందట.

"ఎందుకమ్మా?" అంది జనని.

"రికార్డు చేస్తా చేస్తా మధ్యలో నన్ను పిలిచేవాడు కదా పాపా, కాఫీ కోసరం. అదీ దాంట్లోనే ఉండాది. నువ్వు రోజూ పెడతావు. రోజూ ఆయన పిలుస్తాడు. నేను పొయ్యి కాడ నుంచి లేస్తాను. సగం దూరం వచ్చినాక గుర్తొస్తాది. మళ్ళా పోయి కూర్చుంటాను. రోజూ నేను కొత్తగా ముండమోస్తా ఉండాను పాపా."

వేల్మురుగన్ మీద నింద పడుతుందని అనుకోలేదని, పడ్డాక నోరు పెగల్లేదని ఆమె అతనికి రెండు చేతులూ జోడించింది. ఆ కుర్రాడు గాబరాపడి వద్దు పెద్దమ్మా అంటూ ఆ చేతులు పట్టుకున్నాడు.

"ఇంకొక్కటి అడుగుతానక్కా. తుడిచినప్పుడు మిషను ఏమన్నా అన్నదా?" అడిగాడు చెంగల్రాయన్.

ఏమీ అనలేదంది పంకజవల్లి. తప్పు చేస్తేనే అది నోరు తెరుస్తుంది, ఊరికే ఉంటే పని అయిపోయినట్టేనని ఆయన నేర్పించాడు. కళ్ళు మూసుకుని కొట్టింది. తెరిచి చూస్తే ఏమీ అనకుండా ఊరికే ఉంది. అయిపోయిందనుకుంది.

"కాలేదు. ఆ ఫోల్డర్ అప్పటికే ఖాళీ. తుడవడానికి దాంట్లో ఏమీ లేదు, అందుకే ఏమీ అనలేదు."

జనని లేచి నిలబడింది. చెంగల్రాయన్ ఇప్పుడు కొంచెం తొందరగానే చెప్పాడు. రికార్డులన్నీ ఉన్నది పెట్టెలోని రెండో డిస్కులో. లైనక్స్‌లో డిస్కు లోపల ఉన్నంత మాత్రాన చాలదు, దాన్ని ఒక ఫోల్డర్‌కు తగిలించాలి, దాన్నే మౌంట్ చేయడమంటారు. తగిలిస్తే ఆ ఫోల్డర్‌లో పాటలు, మాటలు అన్నీ కనిపిస్తాయి. తగిలించకపోతే అది ఉత్త ఖాళీ గది. మిషను లేచినప్పుడల్లా డిస్కు దానంతటదే తగులుకోవాలంటే ఒక ఫైలులో ఒక్క వరస రాసిపెట్టాలి. రఘునాథన్ రాయలేదు. తను ఉన్నన్నాళ్ళూ చేత్తోనే తగిలించుకున్నాడు. ఆయన పోయాక మిషను ఆగలేదు కాబట్టి ఆయన చివరిసారి తగిలించింది అలాగే నిలిచి ఉంది. పూజకు ఆపారు, అది ఊడిపోయింది.

"పూజ కోసం ఆపకపోయుంటే నిన్న అక్క కొట్టిన దెబ్బకు అన్నీ పోయుండేవి. అది ఆపబట్టే మిగిలింది" అన్నాడాయన. "డిస్కును తగిలించాలంటే మామూలు లాగిన్ చాలదు, మిషనంతటికీ కలిపి ఉండే పెద్ద పాస్‌వర్డ్ కావాల. అది కూడా ఆయన మీకే చెప్పుంటాడు. వచ్చి కొట్టండక్కా."

పంకజవల్లి ఆ గది గడప దాటింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తడబడకుండా కొట్టింది. పాస్‌వర్డ్ కాబట్టి తెర మీద ఏమీ కనిపించలేదు. చెంగల్రాయన్ వెనకాలే ఒక వరస టైపు చేసి జరిగాడు. మిషను ఏమీ అనలేదు. జనని ఫోల్డర్ తెరిచింది. నిండుగా ఉంది.

ఒకటి నొక్కింది. స్పీకర్లలో ఒక దగ్గు వినిపించింది. తర్వాత బొంగురు గొంతు ఒకటి, చిన్నప్పుడు పడవలో పోతూ చెప్పు పారేసుకున్న ముచ్చట చెబుతూ, మధ్యలో ఆగింది.

"ఏమే వల్లీ, యాడుండావు?"

పంకజవల్లి ఉన్నచోట నుంచి చటుక్కున కదిలింది. పిలిచిన మనిషి దగ్గరికే పోవడానికి ఒక అడుగు వేసి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్న జనని, ఆ అడుగును అప్పుడే మొదటిసారి చూసింది. నోటికి అడ్డం పెట్టుకున్న తన చేతిని తనే కొరుక్కుంది. దీపాకు కళ్ళు మసకబారి తెర కనిపించలేదు.

"ఈడే ఉండాను" అంది పంకజవల్లి, ఎవరికీ కాకుండా.

జనని ఆ గొంతును ఆపేసింది. కాపీలు ఈ పూటే సీడీలకు ఎక్కిస్తానని వేల్మురుగన్ తన సీడీ రాసే పెట్టె తెచ్చుకోవడానికి లేచాడు. జనని అతనికి అడ్డం వచ్చి, వీధిలో అన్నదానికి క్షమించమని అందరి ముందూ అడిగింది. రేపు అదే వీధిలో కూడా చెబుతానంది.

చెంగల్రాయన్ కీబోర్డు ముందు కూర్చుని జనని వైపు చూశాడు. "ఆ ఒక్క వరస రాసేస్తే, ఇంక ఎప్పుడు ఆన్ చేసినా డిస్కు దానంతటదే తగులుకుంటాది. రాసేదా?"

జనని తల్లి వైపు తిరిగింది.

"వద్దు సార్. వినాలనిపించినప్పుడు అమ్మే తగిలిస్తాది. ఇద్దరం కూర్చుని వింటాం."

చెంగల్రాయన్ లేచి కుర్చీ వదిలాడు. దీపా తన సంచి అందుకుంది. వాళ్ళు వరండాలో చెప్పులు వేసుకుంటుంటే లోపల నుంచి జనని మాట వినిపించింది.

"కాపీలు అయిపోయినాక దీన్ని ఆపేస్తాం. ఎట్ల ఆపాలో మళ్ళా ఒకసారి చెప్పమ్మా."