కన్నం ఓర్వని మట్టి

మట్టి శాస్త్రవేత్త డాక్టర్ నళిని కారుడు కొలిచే మీటరు తీగను డెయిరీ పేడగుంటలోకి దించుతుండగానే పక్కింటి సుభద్రమ్మ ఒక చెంబు ఆమె మూతికి అడ్డం పెట్టింది.

“ముందు ఇది తాగండి. మా బావి నీళ్లే. తర్వాత సైన్సు వెలగబెడుదురు గాని!”

చెంబులోంచి గేదెలపాక వాసన గుప్పుమంది. గట్టు మీద డెయిరీ యజమాని కోటయ్య ఇకిలించాడు.

“పిన్నీ, అడుగున బంకమట్టి పరిచి రోలరు తొక్కించాను. పేడ జిగురు కూడా సందుల్లో దిగి పూడుస్తుంది. ఇంకెక్కణ్ణుంచి కారుద్ది?”

“ఎండల్లో గుంట ఖాళీ చేసి వదిలేశావుగా! మట్టి నెర్రెలిచ్చింది. తొలకరికి నీ పేడంతా నా బావిలో దిగింది. రోలరు నీ మొహం మీద తొక్కించాలి!”

“ఆవిడ చెప్పింది నిజమే,” అంటూ డాక్టరు ఒక బస్తా విప్పింది. చూడ్డానికి మామూలు బంకమట్టే. లోపల మాత్రం ల్యాబ్‌లో పెంచిన బాక్టీరియా ఉంది. పేడనీటిలోని నైట్రేట్ తగిలిన చోటల్లా అది మట్టిని ఉబ్బించి దారి మూసేస్తుంది. నెర్రె పడితే తనే పూడ్చుకుంటుంది.

“నా బావిలోకి ఒక్క చుక్క రాకూడదు.”

“రాదమ్మా.”

గుంటలో పరిచారు. మీటరు సున్నా చూపించింది. డాక్టరు మురిసిపోయింది. కోటయ్యా తలూపాడు. కానీ కోటయ్య తలూపిన ఏ సంగతీ సుభద్రమ్మ నమ్మదు. బావి పూడిక తీయించిన రోజున, గట్టు మీద మిగిలిన బస్తాలు తెప్పించి, పొయ్యి అలికినంత నున్నగా బావి లోపలంతా మెత్తించింది.

వారం తిరక్కుండా బావి ఎండింది.

పరుగున వచ్చిన డాక్టరు లోపలికి టార్చి వేసి తల పట్టుకుంది. “ఊటల్లో పాత నైట్రేట్ ఇంకా ఉందమ్మా. మట్టి పసిగట్టి మూసేసింది.”

“తెరిపించండి!”

“నైట్రేట్ కడుక్కుపోతే అదే వదులుతుంది.”

“కడగడానికి నీళ్లేవీ?”

డాక్టరు టార్చి ఆర్పేసింది.

సుభద్రమ్మ కొంగు దోపి, నిచ్చెన దిగి, గునపంతో ఊటను పొడిచింది. నీటిచుక్క మెరిసింది. గునపం లాగేలోగా మట్టి కన్నం పూడ్చేసింది. మళ్లీ పొడిచింది. మళ్లీ పూడ్చేసింది. నానా తిట్లూ తిట్టింది. నైట్రేట్‌కి తప్ప దేనికీ ఉబ్బని మట్టి అది.

సాయంత్రం డెయిరీ బోరు కింద బిందె పెట్టింది. కోటయ్యే స్వయంగా కొళాయి తిప్పాడు.

“పట్టుకో పిన్నీ, కొబ్బరినీళ్లే! గుంటకి ఎగువన వేయించాను కదా, పేడచుక్క దిగదు.”

సుభద్రమ్మ బిందె నిండేదాకా పళ్లు బిగబట్టింది. నిండాక, దాన్ని అతని నెత్తిన కుమ్మరించి, మళ్లీ కొళాయి కిందే పెట్టింది.