ఎర్ర యాంప్లిఫయర్‌కి నాలుగో స్క్రూ

"ఆ చేపల డబ్బానా? దాన్ని నా వ్యాన్‌లో పెడితే స్కూలు పిల్లలు మధ్యలోనే దిగి నడిచిపోతారు!"

వ్యాన్ డ్రైవరు విలి ఆ మాట అన్నది షాపులో అన్నిటికన్నా చవకైన యాంప్లిఫయర్‌ని చూసి. అన్నది లిటియా ముందు. లౌటోకా అనే దీవి పట్నంలో, బస్టాండు వెనక గౌండర్ గారి కార్ ఆడియో షాపులో వైర్లు బిగించేది ఆమే.

"సౌండ్ సమానంగా పెడితే ఏ యాంప్ అయినా ఒకేలా పాడుతుంది. కళ్లు మూసుకుని విను, తెలుస్తుంది" అంది లిటియా.

"నా ఎర్ర యాంప్‌ని ఇంకొకదానితో పోలుస్తావా? దాని బేస్‌కి కొబ్బరికాయలు రాలతాయి తెలుసా!"

"రాలేది నీ వ్యాన్ బోల్టులు."

విలి నవ్వుతూనే ఆమె టిఫిన్ డబ్బా మూత తీశాడు. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు, కర్రపెండలం ముక్కలు. అడగలేదు, ఆగలేదు, తినడం మొదలుపెట్టాడు.

అడగక్కర్లేదు మరి. వాళ్లిద్దరి దీవులూ తౌవూ. ఏనాటి మూలపురుషుడో రెండు దీవులకీ ఒక్కడే. అందుకని ఒకరినొకరు ఎంతైనా వెక్కిరించుకోవచ్చు, ఒకరిది ఇంకొకరు అడగకుండా తీసుకోవచ్చు, కోపం మాత్రం రాకూడదు. వస్తే పెద్దవాళ్లు చీవాట్లు పెడతారు.

"పీతల దీవి వాళ్లు వంట బాగానే చేస్తారు. నడకే పక్కకి" అన్నాడు విలి, మూతి తుడుచుకుంటూ.

"మీ దీవి వాళ్లకి చెయ్యి తిన్నగా నోట్లోకే పోతుందిగా, చూస్తున్నాం."

పైకి అలా అంది గానీ, పొద్దున్నే రెండు ముక్కలు ఎక్కువే వేసి ఉడికించేది. ఎందుకని వాళ్లమ్మ అడిగితే షాపులో ఆకలెక్కువ అనేది.

ఆ వారం విలి వ్యాన్‌లో ఏదో వైరు ఊడిందని షాపులో వదిలి టీకి వెళ్లాడు. లిటియాకి చెయ్యి దురద పెట్టింది. ఎర్రదాని మూత తీసి, లోపలి సరంజామా అంతా ఊడబీకి, షాపులోని చేపల డబ్బాల్లో ఒకదాని లోపలిది అందులో పెట్టి బిగించేసింది. తౌవూ హక్కు! రెండు రోజుల్లో తెలిసిపోతుంది, లబోదిబోమంటూ వస్తాడు, కడుపారా నవ్వుకోవచ్చు అనుకుంది.

వచ్చాడు. లబోదిబో లేదు.

"ఈ వారం నా ఎర్రది ఎంత తియ్యగా పాడుతోందో తెలుసా లిటియా! తేనె!"

మర్నాడూ వచ్చాడు. "తేనె కాదు, చెరకు రసం!"

లిటియా నవ్వాపుకోలేక కౌంటరు కింద ఏదో వెతుకుతున్నట్టు దూరింది. నెల గడిచింది. ఇక చెప్పెయ్యాలి అనుకున్నప్పుడల్లా అతను టిఫిన్ డబ్బా మూత తీసేవాడు, ఆమె నోరు మూతపడేది.

అంతలో గౌండర్ గారికి ఓ సరదా పుట్టింది. "శనివారం మధ్యాహ్నం పందెం! విలి ఎర్రదీ, మన చేపల డబ్బా, రెండూ గుడ్డ వెనక. ఏది ఏదో చెప్పినవాడికి షాపు తరఫున కొత్త స్పీకర్లు."

వ్యాన్ స్టాండంతా పేర్లిచ్చింది. విలి అందరికన్నా ముందు.

లిటియాకి తేలు కుట్టిన దొంగలా అయింది. చేపల డబ్బాకీ చేపల డబ్బాకీ పోటీ! బయటపడితే స్టాండులో విలిని బతకనిస్తారా? నెల రోజులు చేపల డబ్బాని తేనె అన్నాడని ప్రతి మలుపులో హారన్ కొట్టి ఏడిపిస్తారు. తౌవూకి కోపం రాకూడదు సరే, సిగ్గు రాకూడదని ఎవరన్నారు? ఇక ఈ గుమ్మం తొక్కడు. తన టిఫిన్ డబ్బా నిండుగానే ఇంటికి తిరిగెళ్తుంది.



శనివారం పొద్దున్నే ఎర్రదాని అసలు సరంజామా సంచిలో వేసుకుని వ్యాన్ దగ్గరకి పరుగెత్తింది. ఎవరూ చూడకుండా మార్చేద్దామని తలుపు తీస్తే లోపల విలి నాయనమ్మ, బుబూ, పెద్ద చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"బుబూ, వాన పడేలా ఉంది, కాళ్లు తడుస్తాయి. షాపులో కూర్చుందువు రా."

"నేను కదలను. ఈ సంచి నేల మీద పెట్టకూడదు."

"నేను పట్టుకుంటాలే."

"నువ్వసలే పట్టుకోకూడదు" అని బుబూ సంచిని ఇంకాస్త గట్టిగా కావలించుకుంది.

ఎర్రదాన్ని మార్చడం కుదరనే లేదు. మధ్యాహ్నానికి వాన మొదలైంది. పందెమూ మొదలైంది. రేకుల మీద చినుకుల చప్పుడు తగ్గేదాకా ఆగి, గౌండర్ గారు మీటరు పెట్టి సౌండ్ సమానం చేశారు. గుడ్డ వెనక మీట మార్చేది లిటియా.

డ్రైవర్లలో ముందు సెమిసి కళ్లు మూసుకుని విన్నాడు. "మొదటిది ఎర్రది. మా అమ్మ పెట్టే పులుసులా చిక్కగా ఉంది. రెండోది ఉత్త నీళ్లు."

తరవాతి డ్రైవరు తోమాసి తల అడ్డంగా ఊపాడు. "నీ చెవిలో ఉన్నాయి నీళ్లు! రెండోదే ఎర్రది. మొదటిది రేకు డబ్బాలో రాళ్లు."

ఇద్దరూ కాలర్లు పట్టుకునే దాకా వచ్చారు. ఆఖరున విలి. చాలాసేపు విన్నాడు.

"నాకేం తేడా తెలీడం లేదు బాస్. రెండూ ఒకటే."

స్టాండంతా గొల్లుమంది. "తేనె ఏదిరా? చెరకు రసం ఏదిరా?"

"ఉండండి, లోపల ఎంత తేడా ఉందో చూపిస్తా" అని గౌండర్ గారు స్క్రూడ్రైవర్ తీశారు.

"వద్దు బాస్!" లిటియా గుడ్డ తోసుకుని వచ్చేసరికే రెండు మూతలూ ఊడాయి. లోపల కవల పిల్లల్లా రెండూ ఒకటే.

నవ్వులు టక్కున ఆగాయి. పులుసు సెమిసి నేల చూశాడు. రాళ్ల తోమాసి వాన చూశాడు. నిజం చెప్పినవాడు విలి ఒక్కడే!

"నేనే తీశాను, తౌవూ హక్కు" అంది లిటియా. "విలీ, నీ చెవికి తెలిసిపోయిందా?"

"చెవికా? నా చెవికి ఏనాడూ ఏమీ తెలీలేదు. మూతకి తెలిసింది. నా ఎర్రదానికి ఉన్నవి మూడే స్క్రూలు, నాలుగోది ఎప్పుడో పోయింది. నువ్వు బుద్ధిగా నాలుగూ బిగించావు."

"అంటే మొదటిరోజు నుంచీ తెలుసా! మరి ఆ తేనె?"

"ఏదో ఒకటి చెప్పకపోతే రోజూ ఏ వంకతో రావాలి?"

లిటియా చెవులు ఎర్రదానికన్నా ఎర్రగా అయ్యాయి. "నా టిఫిన్ కోసమేగా."

"టిఫిన్ అడగకుండానే తీసుకున్నా. నీదేదైనా అలాగే తీసుకోవచ్చు. ఒక్కటి మాత్రం అడగాలి..." రోజంతా వాగే విలికి అక్కడ మాట ఆగిపోయింది. వాన వైపు చూశాడు, గౌండర్ గారి వైపు చూశాడు.

"అడగరా!" వ్యాన్‌లోంచి బుబూ కేక. "వారం నుంచీ ఈ సంచి మోస్తున్నాను, చేతులు పడిపోతున్నాయి!"

సంచిలోంచి నూనె పట్టించి మెరిసేలా తుడిచిన తిమింగలం దంతం తీసి చూపించింది. పిల్లనడగడానికి వెళ్లేవాళ్లే అది పట్టుకెళ్తారు.

లిటియాకి కళ్లలో నీళ్లు, పెదవుల మీద నవ్వు ఒకేసారి వచ్చాయి. "మా నాన్న ఈ వేళప్పుడు ఇంట్లోనే ఉంటాడు" అంది నెమ్మదిగా.

అది చాలు. సెమిసి, తోమాసి కొట్లాట మరిచి ఈల వేశారు. ఏది ఏదో ఎవరూ చెప్పలేదు కాబట్టి స్పీకర్లు పెళ్లికి ఇస్తానన్నారు గౌండర్ గారు.

బయల్దేరేముందు లిటియా అసలు సరంజామా ఎర్రదాంట్లో పెట్టి బిగించింది, ఈసారి మూడే స్క్రూలతో. వ్యాన్ కదిలింది, పాట మోగింది. విలి కళ్లు మెరిశాయి. "ఆహా! ఇదీ నా ఎర్రదంటే! తేడా తెలుస్తోందా లిటియా?"

లిటియా ఏదో అనబోయింది. వెనక సీట్లో దంతం ఒళ్లో పెట్టుకున్న బుబూ ముందే అందుకుంది.

"నిన్నటిదే బావుందిరా."