ఈస్టర్ దాకా ఆగని పెళ్లి

ఆ మంగళవారం ఉదయం ఏడింటికల్లా అల్బీనా ముప్పై గుడ్లు పగలగొట్టేసింది.

మర్నాడు విభూతి బుధవారం. ఇక ఈస్టర్ దాకా నలభై రోజుల తపస్సు కాలంలో ఆ ఇంట్లో గుడ్డూ వెన్నా ముట్టరు. అందుకే ఏటా ఈ రోజున మలేషియాలోని మలక్కా పోర్చుగీసు వాడలో అల్బీనా పెనం పొద్దున్నే పొయ్యెక్కుతుంది. ఉన్నదంతా అట్లు పోసి, కొబ్బరి లౌజు పెట్టి చుట్టి, వీధంతా పంచేస్తుంది. ఈ ఏడు ఆవిడకి ఇంకో తొందర కూడా ఉంది. తపస్సు కాలంలో వాళ్ల చర్చిలో పెళ్లిళ్లు చేయరు. సాయంత్రం నాలుగింటికి, యాభై ఆరేళ్ల వయసులో, ఆవిడ మళ్లీ పెళ్లికూతురు కాబోతోంది.

"తాటిబెల్లం సరిపోయిందా, జొవిటా?"

కూతురు ముభావంగా తలూపింది. వారం నుంచీ అంతే. తల వంచుకుని లౌజు కలుపుతోంది.

గుమ్మంలో ఇగ్నేషియస్ కనిపించాడు. ఇప్పుడు పడవలు బాగుచేస్తున్నాడు గానీ, ఒకప్పుడు ఓడల్లో వంటవాడు.

"ఏమయ్యా, పెళ్లికొడుకు పొద్దున్నే ఇలా ఊడిపడొచ్చా?" అంటూనే అల్బీనా అట్టు చేతిలో పెట్టింది.

అతను నిలబడే తిన్నాడు. "రష్యా రేవులో ఉపవాసాలకి ముందు వారమంతా ఇవే, పుల్లటి మీగడతో. ఇంగ్లండులో నిమ్మకాయ పిండుకుంటారు. ఎక్కడా నీ చేతి రుచి లేదు."

"ఈ మాట ఎంతమందితో అన్నావో!"

"ముగ్గురితోనే." నవ్వి, అంతలోనే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఇంతకీ జ్వరం తగ్గిందా?"

"ఎవరికి?"

"నీకే. మంచం దిగలేకపోతున్నావనీ, పెళ్లి ఈస్టర్ తర్వాత పెట్టుకుందామన్నావనీ ఇందాకే ఫాదర్ చెప్పారు."

జొవిటా చేతిలో గరిటె ఆగిపోయింది.

అల్బీనా అది చూసింది. అయినా పెనం మీది అట్టు మాడనివ్వలేదు. దాన్ని తీసి పళ్లెంలో వేసి, అప్పుడు అంది. "నువ్వెళ్లి చొక్కా ఇస్త్రీ చేసుకో. నాలుగింటికి చర్చిలో ఉండు."

అతను తల్లినీ కూతుర్నీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు.

"ఫాదర్‌కి ఫోన్ చేసింది నువ్వేనా?"

"నేనే!" జొవిటా గిన్నె పక్కకు తోసింది. "నాన్న పోయి మూడేళ్లే అయింది. ఈ వయసులో నీకు పెళ్లేంటమ్మా? జనం నవ్వుతున్నారు."

"నవ్వనీ. వాళ్లకీ అట్లు పంపిస్తున్నాగా."

"ఈస్టర్ దాకా ఆగితే నీ సొమ్మేం పోయింది?"

"అప్పటికి నువ్వు నాకు ఇంకో జ్వరం తెప్పిస్తావు."

"నాన్న కుర్చీలో ఆయన కూర్చుంటే నేను చూడలేను! ఈ గడప తొక్కనివ్వను. చర్చికొచ్చి అందరి ముందూ…"

అల్బీనా నీళ్ల చెంబు ఎత్తి, కూతురి నెత్తిన కుమ్మరించింది.

"అమ్మా!"

"మొన్న ఆదివారం పండక్కి వాడంతా ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు పోసుకుంటుంటే నువ్వు తలుపేసుక్కూర్చున్నావు. తడిసినవాళ్లు కోప్పడకూడదు. మన పద్ధతి తెలుసుగా? ఇప్పుడు కోపం లేకుండా చెప్పు. అసలు సంగతేంటి?"

జొవిటా చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. ఏవి చెంబువో, ఏవి కళ్లవో తెలియడం లేదు.

"నాన్న పోగానే సింగపూర్‌లో ఉద్యోగం వదిలేసి వచ్చాను. అక్కడ నన్ను చేసుకుంటానన్న ఆంటన్ ఏడాది ఎదురుచూశాడు. మా అమ్మ ఒంటరిదైపోతుంది, నేను రాలేనని చెప్పాను. అతను ఇంకో పిల్లని చేసుకున్నాడు." తడి జుట్టు వెనక్కి నెట్టుకుంది. "ఇప్పుడు నువ్వు ఒంటరివి కావు. మరి నేనెందుకొచ్చినట్టమ్మా?"

అల్బీనా పొయ్యి ఆర్పేసింది. మూడేళ్లుగా రోజూ పొద్దున్నే చేతికి కాఫీ అందుతుంటే తాగింది. ఆ కాఫీ ఇచ్చిన చేయి ఏం వదులుకుని వచ్చిందో ఒక్కనాడూ అడగలేదు.

"మొదటి ఏడాదే నిన్ను వెళ్లమని చెప్పాల్సింది," అంది మెల్లగా. "నువ్వుంటే నాకు హాయిగా ఉండేది. అందుకే నోరు మూసుకున్నాను. తప్పు నాదే. నన్ను క్షమించు." భుజం మీంచి కొంగులా వేలాడుతున్న తువ్వాలుతో కూతురి తల తుడిచింది. "కానీ నా పెళ్లి ఆగదు. పోయిన నీ మూడేళ్లకి బదులుగా, మిగిలిన నా ఏళ్లు ఇవ్వలేను. నీకున్నవి నువ్వు బతుకు."

తర్వాత ఫోన్ తెచ్చి ముందు పెట్టింది. "ఫాదర్‌కి నేను చేయను. ఆ అబద్ధం నీది."

జొవిటా తడి చేతులు తుడుచుకుంది. ఆఖరికి నంబరు నొక్కింది.

"ఫాదర్, నేను జొవిటాని. మా అమ్మకి ఒంట్లో బాగానే ఉంది. నాకే బాగాలేదు… అవును, అబద్ధం చెప్పాను… లేదు, ఈస్టర్‌కి కాదు, ఇవాళే. నాలుగింటికే."

అవతల ఫాదర్ ఏదో అడిగారు. జొవిటా తల్లి వైపు చూసింది. అల్బీనా గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. భుజాలు కదులుతున్నాయి.

"సాక్షి సంతకమా? వేరే ఎవరో ఎందుకు, ఫాదర్? నేను పెడతాను."