పిడికెడు బియ్యంలో క్రిస్టల్

లిదియమ్మను చంపింది డిపార్ట్‌మెంటే. డాక్టరు కామెర్లని రాశాడు. అది కాగితం మాట. ఆత్మకూరు ఆసుపత్రి మంచం మీద ఆమె మొగుడి కోసం తలుపు వైపు చూస్తూ పోయింది. ఆ మొగుడు, ఏజెంట్ డేవిడ్‌రాజు, సెలవు అడిగాడు, చీఫ్ ఇవ్వలేదు. సమాధి మీద మట్టి ఆరాక ఇచ్చాడు.

అందుకే మూడేళ్ళ తర్వాత అదే చీఫ్ ఫైలు ముందుకు తోసి కుర్చీ చూపిస్తే డేవిడ్‌రాజు కూర్చోలేదు.

"యేసుబాబు. ఆత్మకూరులో బీఎస్సీ రెండో ఏడు. అప్పుడే మూడు కంపెనీలు నడుపుతున్నాడు."

"నా మరదలి కొడుకు."

"తెలిసే పంపుతున్నా. ఉదయగిరి కొండ మీద వాడు ఏంటెనా పెట్టాడు. ఎందుకు?"

"టెలిఫోన్ తీగ లేని ఊళ్ళకు ఫోన్ ఇవ్వడానికి."

"అది బోర్డు మీద మాట. ఆదివారం ఉదయం తీరం నుంచి మన రాకెట్ లేస్తుంది. అది పైనుంచి పంపే సిగ్నల్స్ వినడానికి ఆ కొండ ఎత్తు సరిపోతుంది. ఒక విదేశీ ముఠా రికార్డు చేయబోతోంది. కుర్రాడి రిసీవర్‌లో ఏ సిగ్నల్ పట్టాలో తేల్చే క్రిస్టల్ ఒక్కటి మారిస్తే చాలు. నల్లగా చింతగింజంత ఉంటుంది. ఇల్లు రెండుసార్లు గుట్టుగా సోదా చేయించాం, దొరకలేదు."

"వాడే దాచాడని ఎవరన్నారు?"

"మన ఏజెంట్. కోడ్‌నేమ్ మల్లె. మద్రాసు పెట్టుబడిదారు వేషంలో వాళ్ళింట్లోనే ఉంది. ఆదివారం లోపు క్రిస్టల్ దొరక్కపోతే కుర్రాణ్ణి అరెస్ట్ చెయ్. దేశద్రోహం కేసు. జుట్టు నెరిసేదాకా బయటికి రాడు."

చీఫ్ ఒక ట్రాన్సిస్టర్ ఇచ్చాడు. దాని లోపల వైర్‌లెస్ ఉంది. పాటలు కూడా వస్తాయన్నాడు. డేవిడ్‌రాజు నవ్వలేదు.

ఆత్మకూరు బస్టాండులో అతను ఏ.ఎస్.పేట దర్గాకు పోయే యాత్రికుడిలా దిగాడు. తలకు ఆకుపచ్చ టోపీ, అతికించిన గడ్డం, భుజాన సంచి. ఎస్టీడీ బూత్ అద్దాల వెనక యేసుబాబు ఒక చెవిన ఫోన్ పెట్టుకుని, చేత్తో కంప్యూటర్ క్లాసుల కరపత్రాలు పంచుతున్నాడు. టెన్త్ రిజల్ట్స్ నెల్లూరు నుంచి ఫోన్లో తెప్పించి, పేపరు రాకముందే ఊరంతటికీ చెప్పి మొదటి పెట్టుబడి సంపాదించిన కుర్రాడు. తలెత్తి ఒక్కసారి చూశాడు.

"పెదనాయనా, దర్గా మొక్కు ఎప్పుడు మొదలుపెట్టినావు? ఆ గడ్డం ఎడంపక్క ఊడతా ఉండాది."

డేవిడ్‌రాజు గడ్డం పీకి సంచిలో వేశాడు.

"కొండ మీద ఏంటెనాకు డబ్బెక్కడిదిరా?"

"షైనీ అక్క కంపెనీ ఇచ్చింది. వరికుంటపాడు అవతల ఊళ్ళలో ఎవరికన్నా నొప్పులొస్తే ఫోన్ చేసే దిక్కు లేదు. మా లిదియ పెద్దమ్మకు సుస్తీ అని నీకు ఫోన్లో చెప్పడానికే నాయన సైకిలేసుకుని ఇంత దూరం వచ్చినాడు గదా. అప్పుడే అనుకున్నా."

"ఆ అక్క ఎవరో కనుక్కున్నావా?"

"మన బాప్టిస్టు సంఘం మనిషే. ఒంగోలు. ముందు నిన్నే అడిగినాను పెదనాయనా. జాబు కూడా రాయలా నువ్వు."

డేవిడ్‌రాజు సంచి భుజానికెత్తుకున్నాడు. ఇంత తీయగా మాట్లాడేవాణ్ణి నమ్మకూడదని ఉద్యోగం నేర్పింది. అతను నమ్మలేదు.

ఉదయగిరిలో మరదలు రెబెకమ్మ ఇంటి వసారాలో షైనీ కూర్చుని ఉంది. గంధం రంగు చీర, నల్ల కళ్ళద్దాలు, ఊళ్ళో ఎవరూ ఎరగని సెంటు. రెబెకమ్మ నీళ్ళ కోసం లోపలికి వెళ్ళగానే గొంతు తగ్గించింది.

"సోమశిలలో నీళ్ళున్నాయా?"

"గేట్లు ఎత్తారు," అన్నాడు డేవిడ్‌రాజు. కోడ్ సరిపోయింది. ఈమే మల్లె.

"అబ్బాయే దొంగ. క్రిస్టల్ ఎక్కడుందో చెప్పడం లేదు. మనసు గట్టి చేసుకోండి. చుట్టరికం చూడకండి."

"చూడను."

ఆ మాట నిజమే. అతను చుట్టాన్నీ చూడలేదు, ఏజెంటునూ చూడలేదు. ఇద్దరినీ అనుమానించాడు. శనివారమంతా కుర్రాడి వెనకే తిరిగాడు. రిసీవర్ విప్పి చూశాడు. మంచం కోళ్ళు తట్టాడు. ఏమీ దొరకలేదు.

సాయంత్రం రెబెకమ్మ ఎసట్లో బియ్యం పోయబోతూ, అందులోంచి పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న కుండలో వేసింది.

"అక్క కుండే బావా. ఆమె పోయినాక నేను తెచ్చుకున్నా."

డేవిడ్‌రాజు ముఖం తిప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున అతను వసారాలో టీ తాగుతుంటే వంటింట్లో ఏదో దొర్లింది. తొంగి చూశాడు. లిదియమ్మ కుండ బోర్లా పడి ఉంది. షైనీ దాని ముందు మోకాళ్ళ మీద ఉంది.

"ఇందులో బియ్యం ఏమయ్యాయి?"

"రెబెకమ్మతో గుడికి పోయాయి," అన్నాడు డేవిడ్‌రాజు.

"గుడికా? ఎందుకు?"

డేవిడ్‌రాజు టీ గ్లాసు మెల్లగా కింద పెట్టాడు. పూట పూటకూ పిడికెడు తీసి, నెల మొదటి ఆదివారం చర్చికి మోసి, దేవుడి పనికి డబ్బు కోసం వేలం వేస్తారు. బాప్టిస్టుల ఇళ్ళలో చంటిబిడ్డకు కూడా తెలిసిన సంగతి. ఒంగోలు సంఘం మనిషికి తెలియలేదు. ఆమెకు కనబడింది ఒక్కటే, ఆ కుండలోకి బియ్యం పోవడమే గాని ఎవరూ తీయడం లేదని. ఆ ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదనుకుని క్రిస్టల్ అందులో దాచింది. ఒకవేళ దొరికినా నింద కుర్రాడి మీదే పడుతుంది.

ఆమె చెప్పులు మరిచి పరుగెత్తింది. అతను వెనకే నడిచాడు.

లిదియమ్మ శవపెట్టె ఆ గుడిలో ఉన్నప్పుడు అతను వేరే ఊళ్ళో వేరే ఎవరినో వెంబడిస్తున్నాడు. ఆ తర్వాత గడప తొక్కలేదు. ఇప్పుడు తొక్కాడు.

అన్ని ఇళ్ళ బియ్యం ఒకే రాశిగా దుప్పటి మీద ఉంది. దొడ్డువీ సన్నవీ కలిసిపోయాయి. పాస్టర్ సిద్ధయ్య ప్రసంగానికి అంతుండదు కాబట్టి వేలం ముందే పెట్టారు.

"పాడండమ్మా, పాడండి!"

షైనీ ఒక్కసారే పాడింది. అంత ధరకు బియ్యం కాదు, బస్తాతో పాటు మోసే మనిషిని కూడా కొనొచ్చు.

"మద్రాసులో బియ్యం దొరకవా ఏందమ్మే?" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ.

షైనీ సంచి ఎత్తించుకుని కంపెనీ జీపెక్కింది. డేవిడ్‌రాజు ఆపలేదు. అతని చూపు రెబెకమ్మ మీద ఉంది. వేలానికి ముందే ఆడవాళ్ళు బియ్యం చెరిగి రాళ్ళు ఏరుతారు. పోయిన నెల కొన్నవాడు పన్ను విరిగిందని గొడవ చేశాడు. అతను మగవాళ్ళ వరస దాటి ఆడవాళ్ళ వైపు చాప మీదికి నడిచాడు.

"రాళ్ళేవమ్మా?"

"ఇదో, చేటలో ఉండాయి. నీకెందుకు బావా?"

రాళ్ళన్నీ కండువాలో పోసుకున్నాడు. వాటిలో నల్లగా మెరిసేవి రెండున్నాయి. ఒకటి గాజుపెంకు. రెండోది కాదు.

కొండ కింద రిసీవర్ గదిలో నేలంతా బియ్యం. యేసుబాబు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. షైనీ ఒక చేత్తో బియ్యం కెలుకుతూ, రెండో చేత్తో లిప్‌స్టిక్ గొట్టం అతనికి గురిపెట్టి ఉంది. ఆ గొట్టంలో ఒక తూటా పడుతుందని డేవిడ్‌రాజుకు తెలుసు. చంకలో ట్రాన్సిస్టర్ కౌంట్‌డౌన్ చెబుతోంది.

"క్రిస్టల్ ఇవ్వండి. లేకపోతే అబ్బాయి పోతాడు."

"పెదనాయనా, నాకేం తెలీదు," అన్నాడు యేసుబాబు. "ఫోన్లకని చెప్పింది."

డేవిడ్‌రాజు కండువా విదిలించాడు. రాళ్ళు బియ్యంలో కలిసిపోయాయి.

"ఏరుకో."

బియ్యం ఏరడానికి రెండు చేతులూ కావాలి. షైనీ గొట్టం వదిలేసింది. డేవిడ్‌రాజు దాన్ని కాలితో మూలనున్న మంచం కిందికి తన్నాడు. ఆమె చూడనైనా లేదు. పది... తొమ్మిది... గోళ్ళ రంగు లేచిపోయేలా వెతికింది. నాలుగు... నల్లటిది దొరికింది. లేచి రిసీవర్‌లోకి తోసింది. ఒకటి...

రిసీవర్ గురగురలాడింది. అంతే. కిటికీలోంచి తూర్పున సన్నటి తెల్ల గీత పైకి పోతూ కనబడింది.

"అది గాజుపెంకు," అన్నాడు డేవిడ్‌రాజు, చొక్కా జేబు మీద చెయ్యి వేసి. "ఇటు మా దగ్గరా అటు ముఠా దగ్గరా జీతం తీసుకున్నావు. ఒక్క ఆదివారం గుడికి పోలేదు."

అతను వైర్‌లెస్‌లో పిలిచిన పోలీసు జీపు ఆమెను తీసుకుపోయింది. యేసుబాబు వంగి బియ్యం సంచిలోకి ఎత్తుతున్నాడు.

"నా ఏంటెనా కూడా పట్టుకపోతారా?"

"పోతారు. ఎవరు ఇచ్చారో చూడకుండా తీసుకుంటే అంతే."

"మళ్ళీ పెడతా. ఇంకా చిన్నది. ఈసారి నువ్వన్నా ఇస్తావా?"

"లెక్కలు చూపిస్తే ఇస్తా."

బల్ల మీద ఫోన్ మోగింది. చీఫ్. ఢిల్లీ నుంచి మెడల్ వస్తోందన్నాడు. నెల రోజులు సెలవు మంజూరు చేశానన్నాడు.

"అడిగినప్పుడు ఇవ్వలేదు. ఇప్పుడు అక్కర్లేదు."

"సరే. క్రిస్టల్ ఎక్కడ దొరికిందో, నీకెలా తట్టిందో చెప్పు. రిపోర్టులో రాయాలి."

డేవిడ్‌రాజు కొండ వైపు చూశాడు.

"ఆ కుండ నా భార్యది. ఇంతకన్నా చెప్పను. ఇవాళ చెప్పను, రేపు చెప్పను, కోర్టులో అడిగినా చెప్పను."

ఫోన్ పెట్టేశాడు. రిపోర్టులో ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.