కళ్ళజోళ్ళు కొరికే మహారాణి

"మీ ఇంట్లో వీటిని తింటారా?"

కౌంటర్ మీద ముక్కలైన కళ్ళజోడును వేలితో తిరగేస్తూ అడిగింది ఆమె. ఆ కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేసేది ఆమే. ఎదురుగా కళ్ళు చికిలించుకుని నిలబడ్డవాడు లిఫ్టులు బిగించే ఇంజనీరు. కొత్త జోడు తీసుకెళ్ళి వారమైనా కాలేదు.

"తినడం కాదండీ. మహారాణి కొరికింది," అన్నాడు నసుగుతూ.

"ఎవరూ?"

"మా ఇంట్లో ఉంటుంది. పొద్దున ఎక్కువసేపు ఫోన్ మాట్లాడానని కోపం. కొంచెం పొసెసివ్. మనసు మాత్రం వెన్నండీ."

ఆమె అతణ్ణి జాలిగా చూసింది. మనిషి బాగానే ఉన్నాడు, పాపం. మెడ మీద గాటు కూడా ఉంది.

"కొన్నాళ్ళు విడిగా ఉండి చూడలేకపోయారా?"

"అయ్యయ్యో, నేను లేకపోతే దానికి గింజలెవరు పెడతారు?"

"గింజలా?"

అతను ఫోన్ తీసి ఫోటో చూపించాడు. నీలం రెక్కలు, పసుప్పచ్చ పొట్ట, బారెడు తోక, తోటమాలి కత్తెరలాంటి ముక్కు. మకావ్ చిలుక.

"చిలుక అని ముందే చెప్పచ్చుగా!"

"మీరు సలహాలిస్తూ ఉంటే అడ్డం రావడం ఎందుకని..."

ఆ తర్వాత అతను బిగువుగానే ఉన్న స్క్రూలు బిగించమంటూ తరచూ రావడం మొదలుపెట్టాడు. ఆమె వాటిని వదులు చేసి మళ్ళీ బిగించి ఇచ్చేది. వ్యవహారం కాఫీల దాకా, కాఫీల నుంచి ఒకే గొడుగు దాకా వచ్చింది. లిఫ్టులు నిటారుగా బిగించగలిగినవాడికి గొడుగు నిటారుగా పట్టుకోవడం రాదు. ఆమె ఎడమ భుజం నిలువునా తడిసిపోయింది. ప్రేమంటే ఇదే కాబోలని సరిపెట్టుకుంది.

మొదటిసారి అతనింటికి వెళ్ళినప్పుడు తెలిసింది, చిలుక అతనింట్లో లేదు, అతనే చిలుక ఇంట్లో ఉంటున్నాడని. కుర్చీలకు చేతులు లేవు. తలుపులకు అంచుల్లేవు. నేలంతా పరిచిన పాత పేపర్లు. మహారాణిగారు అతని భుజమెక్కి, జుట్టు పాయలు పాయలుగా దువ్వుతూ, ఆమె వైపు చూశారు. కంటిపాప సూదిమొనంత అయి, మళ్ళీ విచ్చుకుంది. కళ్ళ గురించి అన్నీ తెలిసిన పిల్ల ముచ్చటపడి చెయ్యి చాపింది. చిలుక వేలు కరిచింది.

"అయ్యో తల్లీ! భయపడ్డావా?" అన్నాడతను కంగారుగా.

"కరిపించుకున్నది నేను."

"నీతోనేగా అన్నది!" అన్నాడు, చిలుక తల నిమురుతూ.

అసలు ఆ చిలుకను కొన్నది అతని అక్క. కొత్త సోఫా రంగుకు సరిగ్గా మ్యాచ్ అయిందని కొన్నది. ఫోటోలన్నీ అయ్యాక దాని అరుపులు వినపడ్డాయి. ఆపైన సోఫా కూడా మారింది. పాత సోఫాను అమ్మేసి, చిలుకను తమ్ముడికి ఇచ్చింది. అమ్మితే బాధనిపిస్తుందట.

ఆ అక్కే ఇప్పుడు మరో దారి కనిపెట్టింది. ఓ సాయంత్రం చినుకుల్లో షాపు బయట నిలబడి, త్యాగమూర్తి మొహం పెట్టి చెప్పాడు తమ్ముడు.

"నీ కోసం మహారాణిని ఇచ్చేస్తున్నా."

"ఎవరికి?"

"హోటల్ వాళ్ళకి. లాబీలో పెద్ద పంజరంలో పెడతారట. ఏసీ కూడా ఉందట. అక్క మాట్లాడేసింది."

"నేనడిగానా?"

"నిన్ను కరిచిందిగా!"

"కరిచింది నన్ను. కోపం నీకెందుకు? మీ అక్క సోఫా మార్చి వదిలేసింది. నువ్వు నా కోసం వదిలేస్తున్నావు. రేపు నేను లావైతే ఏ లాబీలో కూర్చోబెడతావ్?"

అతను గొడుగు కిందకు దించేశాడు. ఇద్దరూ తడుస్తున్నారు.

"నిజం చెప్పనా? నిన్నటి నుంచీ నాకు అన్నం దిగడం లేదు."

"అయితే మీ అక్కకి చెప్పు."

ఇరవై అంతస్తుల లిఫ్టు గోతిలోకి తాడు పట్టుకుని దిగేవాడు, అక్కకు ఫోన్ చేయడానికి వణికిపోయాడు. "అక్కా, నేను ఇవ్వను," అని ఒక్క ముక్క చెప్పి, జవాబు వినపడకముందే ఫోన్ ఆపేశాడు. వీరుడే. కాకపోతే కొంచెం తొందర వీరుడు.

అంతలో వేరే ఊళ్ళో కొత్త భవనానికి లిఫ్టులు బిగించే పని పడింది. నెల దాకా రాలేడు. చిలుకను చూడమంటే అక్క తలనొప్పంది.

"నేను చూస్తాలే," అంది ఆమె. ప్రేమ వల్ల కాదు, పంతం వల్ల.

మొదట్లో చిలుక గిన్నె ముట్టలేదు. తలుపు వైపే చూస్తూ, రొమ్ము మీది ఈకలు ఒక్కొక్కటీ పీక్కుంటోంది. నేల మీద పసుప్పచ్చ ఈకలు ఏరుతుంటే ఆమెకు భయమేసింది. ఇది చచ్చిపోతే అతని మొహం ఎలా చూడాలి? అంతకంటే ముందు, దీని మొహం ఎలా చూడాలి?

షాపుకు సెలవు పెట్టింది. బతిమాలడం మానేసింది. దానికి వీపు పెట్టి కూర్చుని, వాల్‌నట్లు పగలగొట్టుకుని తనే తింటూ, పేపరు పైకి చదవసాగింది. "నీకు పెట్టను. నువ్వు అలిగావుగా. నేనూ అలగగలను. మీ ఆయన పోయింది పనికి. నన్నూ వదిలేసే పోయాడు. నేనేమైనా జుట్టు పీక్కుంటున్నానా?"

చాలాసేపటికి వెనక టక్ టక్‌మని అడుగుల చప్పుడు. వంకర కాళ్ళతో నడిచొచ్చి, ఆమె జడ పట్టి లాగింది చిలుక. వాల్‌నట్ అందుకుంది. తర్వాత తల వంచి, మెడ గోకమన్నట్టు నిలబడింది. ఆమె గోకింది. ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి.

అతను తిరిగొచ్చిన రోజు అక్క కూడా వెంట వచ్చింది, పోట్లాట మిగిలిపోయిందని.

"మహారాణీ!" అంటూ చేతులు చాచి లోపలికొచ్చాడు.

ఆమె భుజం మీదున్న మహారాణి అతణ్ణి చూసింది. పరాయి మగవాడు! ఈ ఇంట్లో! రెక్కలు విప్పి మీదకు దూకింది. అతను వంటింట్లోకి పారిపోయి తలుపేసుకున్నాడు. అక్క కుర్చీ ఎక్కేసింది.

"కొంచెం పొసెసివ్," అంది ఆమె, చిలుకను భుజం మీదకు తీసుకుంటూ. "మనసు మాత్రం వెన్న."

"ఒరేయ్, ఆ హోటల్ వాళ్ళ నంబరు నా దగ్గరుంది!" అని అరిచింది అక్క.

"ఇవ్వనంటే ఇవ్వనక్కా!" తలుపు వెనక నుంచి జవాబు. ఈసారి వణుకు లేదు. "నాకు ఇద్దరూ కావాలి! ఏమోయ్, వింటున్నావా? దారంతా ఎలా అడగాలా అని ఆలోచించుకుంటూ వచ్చాను. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

చిలుక గోడలదిరేలా అరిచింది.

"ఏంటీ?" అంది ఆమె, వినపడినా.

"పెళ్ళి! చేసుకుంటావా?" మళ్ళీ అరిచాడు. చిలుక ఇంకా గట్టిగా అరిచింది. పై అంతస్తు నుంచి ఎవరో నేలను దబదబా బాదారు.

"ఒప్పుకో తల్లీ!" అంది అక్క చెవులు మూసుకుని. "వాడికి నువ్వు కాక ఇంకెవరు దొరుకుతారు? పక్షికైనా ఇంకెవరు దొరుకుతారు? నీకు దణ్ణం పెడతా, ఒప్పుకో!"

ఆ దీవెన కంటే మంచి దీవెన రాదని ఆమెకు తెలుసు.

"సరే!" అని అరిచింది తలుపు వైపు తిరిగి. "చేసుకుంటా!"

లోపల ఏదో గిన్నె కింద పడింది. తర్వాత తలుపు సందులోంచి మెల్లగా వినిపించింది.

"ఇప్పుడు బయటికి రానా?"

ఆమె చిలుక మొహంలోకి చూసింది.

"తొందరపడకు," అంది.