ఎవరికి చెప్పావు థాంక్స్?

ఆదివారం పొద్దున ఏడున్నరకి సైన్సు మాస్టారు ఒక చెంప గీసుకుని, రెండో చెంప నిండా నురగతో అద్దం ముందు నిలబడి ఉండగా కూతురు సుడిగాలిలా ఇంట్లోకి వచ్చి పడింది.

"నాన్నా! కవలలు! ఇద్దరికిద్దరూ ఆడపిల్లలే! నేనే పుట్టించాను!"

వెనక గదిలో కుట్టుమిషను టక్కున ఆగింది. స్కూలు యూనిఫారాలకి కాలర్లు కుడుతున్న తల్లి మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు పుట్టించటమేంటే?"

"ఫోన్లో అమ్మా!" చెప్పు ఒకటి గుమ్మంలో, ఒకటి హాల్లో విసిరేసింది పిట్ట. వాగుడు ఎక్కువని చిన్నప్పుడు పెట్టిన పేరది. ఆ వాగుడుకి తగ్గట్టే అంబులెన్సు కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తే ఉద్యోగం వచ్చింది, ఏడాది కిందట. "తెల్లవారుజామున కాల్ వచ్చింది. కారులో ఆస్పత్రికి వెళ్తుంటే దారిలోనే భార్యకి నొప్పులు ఎక్కువయ్యాయట. 'నాకేం తెలీదు మేడమ్' అని ఆ మొగుడు ఒకటే ఏడుపు. ముందు కారు పక్కకి ఆపు, ఉన్న తువ్వాళ్ళన్నీ బయటికి తియ్యి అన్నాను. మొదటి పిల్ల కేరుమంది. హమ్మయ్య అనుకునేలోపే 'ఇంకోటి వస్తోంది మేడమ్!' అని అరిచాడు. రెండోది ఏడవలేదు నాన్నా. వీపు రుద్దమన్నాను. రుద్దుతున్నాడు, రుద్దుతున్నాడు... కేర్!"

మాస్టారికి కాలు నిలవలేదు. నురగ మొహంతోనే కూతుర్ని ఎత్తినంత పని చేశారు. "చూశావా నా కూతుర్ని!"

"మంచి పని చేసినప్పుడు మీ కూతురేలెండి," అంటూ భార్య కళ్ళు తుడుచుకుంది. "అది సరే గానీ, ఆరింటికే డ్యూటీ అయిపోతుందిగా. ఇంతసేపు ఎక్కడ..." అని సగంలోనే నాలుక కరుచుకుంది.

ఆ సంబరంలో పిట్ట నోరు జారనే జారింది. "ప్రార్థన మందిరానికెళ్ళి థాంక్స్ చెప్పొచ్చానమ్మా!"

కూతురి భుజం మీది చెయ్యి తీసేశారు మాస్టారు.

"ఎవరికి చెప్పావు థాంక్స్?" అన్నారు.

"నాన్నా, అదీ... ఆరు నెలల నుంచి వెళ్తున్నాను."

ఆయన భార్య వైపు తిరిగారు. "నీకు తెలుసా?"

"తెలుసు. చెబితే ఇల్లు పీకి పందిరేస్తారని చెప్పలేదు."

వేశారు. గది ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూ గొంతు చించుకున్నారు. "దేనికైనా రుజువు అడగమని పుట్టినప్పట్నుంచీ నేర్పాను! ఆ పసిగుడ్లని బతికించింది నువ్వు. ఆ తండ్రి చేతులు. పైనెవడో కాదు! ఎవరే నీకిదంతా నూరిపోసింది?"

"అడగమనే నేర్పావుగా! మరి నువ్వెందుకు అడగవు?" పిట్ట గొంతు కూడా లేచింది. "ఎందుకెళ్తున్నావమ్మా అని ఒక్కసారి అడగకుండా, ఎవరు నూరిపోశారని అడుగుతావేం?"

దెబ్బ సూటిగా తగిలింది. మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సరే. ఎందుకు?"

"ఆరు నెలల కిందట ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. భార్యకి ఊపిరి లేదు. ఆయన గుండె మీద నొక్కుతుంటే ఫోన్లో నేను లెక్కపెట్టాను. పదకొండు నిమిషాలు. అంబులెన్సు వెళ్ళేసరికి ఆవిడ పోయింది. 'ఇంతసేపూ నాకు తోడున్నావమ్మా' అన్నాడు నాన్నా ఆయన. నన్ను తిట్టినా బాగుండేది. డ్యూటీ దిగి నడిచొస్తుంటే చేతులు ఒకటే వణుకు. ఆ మందిరంలో ఎవరో పాడుతున్నారు. వెనక వరసలో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. కాసేపటికి వణుకు తగ్గింది. మర్నాడూ వెళ్ళాను. రోజంతా అందరి గోడూ నేను వింటాను. నాది వినేవాళ్ళు ఒకరున్నారని అక్కడ అనిపిస్తుంది."

"నలుగురూ కలిసి పాడితే ఊపిరి కుదుటపడుతుంది, గుండె నెమ్మదిస్తుంది. అంతే అది," అన్నారాయన. కానీ గొంతులో ఇందాకటి పదును లేదు.

"తెలుసు. నువ్వే చెప్పావు. ఆకలి ఎలా వేస్తుందో తెలిస్తే ఆకలి వెయ్యటం మానేస్తుందా? నాకు కావలసి వచ్చింది. నీకెందుకు అక్కర్లేకపోయింది?"

"నేను చదివాను. ఆలోచించాను."

"ఏ వయసులో?"

మాస్టారు భుజం మీది తువ్వాలుతో ఎండిపోయిన నురగ తుడుచుకోసాగారు. భార్య వచ్చి పక్కన నిలబడింది. "చెప్పండి. ఇన్నేళ్ళలో నాకే ఒక్కసారి చెప్పారు. దానికీ తెలియాలి."

"తొమ్మిదేళ్ళప్పుడు," అన్నారు. "అమ్మకి జ్వరం. మా నాన్న డాక్టర్ని పిలవలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మూడు రోజులు ప్రార్థన చేశాడు. మూడో రోజు నేను నిద్రకి ఆగలేక ఒరిగిపోయాను. లేచేసరికి అమ్మ లేదు. 'వీడు మనసు పెట్టి ఉంటే దక్కేది' అన్నాడు నాన్న, వచ్చినవాళ్ళందరి ముందూ. పుస్తకాలు ఆ తర్వాత..."

అక్కడ ఆగిపోయారు. పుస్తకాలే తన కళ్ళు తెరిపించాయని వందలమంది పిల్లలకి చెప్పారు. ఆ పుస్తకాలు చేతికి వచ్చేసరికే లోపల తీర్పు అయిపోయిందని ఇవాళే తట్టింది. వాటిలో ఉన్నది నిజం కాకపోలేదు. కానీ వాటిని వెతుక్కుంటూ వెళ్ళింది నింద మోస్తున్న ఒక తొమ్మిదేళ్ళవాడు. వాడికి ఎదురైంది తండ్రి అన్న ఆ మాట. పిట్టకి ఎదురైంది ఒక పాట.

పిట్ట వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది. "ఆ రోజు నువ్వు నాకు ఫోన్ చేసుంటే ఏమడిగేవాడివి నాన్నా?"

"నా తప్పేనా అని."

ఇంట్లో ఎప్పుడూ వినని గొంతుతో మాట్లాడింది పిట్ట. మెల్లగా, తొణక్కుండా. "కాదు బాబూ. నీ తప్పు కాదు. డాక్టర్ని పిలవటం పెద్దవాళ్ళ పని. నువ్వు చిన్నవాడివి, నిద్ర వస్తుంది. నేను లైన్లోనే ఉన్నాను."

మాస్టారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నారు. భార్య ఆయన తలని దగ్గరికి తీసుకుంది.

"నేనక్కడికి రాను," అన్నారు వెక్కిళ్ళ మధ్యనే. "నమ్మను కూడా."

"రావద్దులే."

"నువ్వు వెళ్ళు. వెళ్ళొచ్చి నాకు చెప్పు. అడుగుతాను. వాదిస్తాను కూడా."

"వాదించకపోతే నాకేం తోస్తుంది?" అని పిట్ట ఏడుస్తూనే నవ్వింది.

"ఇందాక ఆ పిల్లాడికి చెప్పావే..." ఆయన తువ్వాలు దించారు. "ఇంకొక్కసారి చెప్పు."

పిట్ట ఆయన చేతులు రెండూ పట్టుకుని, ఒక్కో మాటా విడదీసి, మళ్ళీ చెప్పింది.