మూడో నంబరు డబ్బా

బయమ్మ కుళాయి నీళ్లను పాత పంచెగుడ్డలో వడగడుతూ ఉంది. ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలం అది. కదిరిలో నీళ్లు నాలుగు రోజులకొకసారి వచ్చేవి, వచ్చినవాటిలోనూ సగం ఎర్రమన్ను. మూడో బిందె నిండుతుండగా గడప అవతల ఒక యువకుడు నిలబడి ఉండటం చూసింది. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో, పిలవలేదు.

"ఎవరప్పా? లోపలికి రా."

"ఎర్రిస్వామి సార్ ఉండారా?"

ఎర్రిస్వామి గుంతకల్లు రైల్వే పోలీసులో ఇరవై రెండేళ్లు పనిచేసి, ఇప్పుడు ఇంటి ముందుగదిలోనే ప్రైవేటు డిటెక్టివుగా కూర్చున్నాడు. ఆయన దగ్గర కేసుల వివరాలు రాయడం బయమ్మ ఉద్యోగం. ప్రశ్న అడిగేముందు ఆయన ఎంతసేపు ఊరకుంటాడో చూసి నేర్చుకోవడం ఆమె తనకు తాను పెట్టుకున్న పని.

వచ్చినవాడి పేరు యేసన్న. అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాడు.

"కాలేజీ తరపున కరువు మీద చిన్న సినిమా తీస్తాండాము సార్. కెమెరా పని నాది. తీసిన రీలు ఒకటి ఎవరో వెలుతుర్లో పెట్టి చెడగొట్టినారు. నేనే చెడగొట్టినానంటాడు దివాకర్. రేపు ప్రిన్సిపాల్‌కు చెప్తాడంట. చెప్తే నా సీటు పోతాది. మా నాయన బండలు కొట్టి చదివిస్తాండాడు సార్."

"దివాకర్ ఎవరు?"

"డైరెక్టరు. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. మూడేండ్లు ఒకే గిన్నెలో తిన్నాము." యేసన్న తల దించుకున్నాడు. "నిన్ను పక్కన కూచోబెట్టుకునింది నా తప్పు అన్నాడు. అందరి ముందర."

ఎర్రిస్వామి లేచి చొక్కా తొడుక్కున్నాడు.

సినిమా తీస్తున్న ఊరు గుట్టకిందపల్లి. బయమ్మతో సహా ముగ్గురూ అక్కడికి పోయే బస్సులో ప్రశ్నలు మొదలయ్యాయి.

"నీ మీదే ఎందుకు అనుమానం?"

"డబ్బాల మీద నంబర్లే ఉంటాయి సార్. ఏ నంబర్లో ఏ సీనుందో నాకే తెలుసు. మూడు డబ్బాల్లో చెడింది మూడోదొక్కటే. దాంట్లోనే ముఖ్యమైన సీను. నిన్న, బుధవారం మధ్యాహ్నం, కొత్త రీలు కోసం మేము దిగిన ఇంటికి ఒంటిగా పోయింది కూడా నేనే."

"ఏం సీను అది?"

"మొగుడు చచ్చిపోయిన ఆడమనిషి గాజులు పగలగొట్టుకునేది. మేము దిగిన ఇంటి కోడలు లక్ష్మక్క చేసింది, సోమవారం. సీను కోసం నేను డజను పచ్చగాజులు కొనుక్కొస్తి. కొత్తగా మెరుస్తాండాయి, వద్దన్నాడు దివాకర్. ఆమె చేతికుండే పాతగాజులే పగలగొట్టించినాడు. ఆమె వద్దు వద్దనింది. ముక్కలు తరువాతి షాటుకు కావాలని పొట్లం చేసి ఆ డబ్బాకే కట్టిపెడితి."

"వెలుతురు తగిలితే రీలు చెడుతుందని ఇంట్లోవాళ్లకు తెలుసా?"

"మొదటి రోజే అందరికీ చెప్పినా సార్, ముట్టుకోవద్దని."

వాళ్లు దిగిన ఇంటి వసారాలో దివాకర్ మంచం మీద ఉన్నాడు. పక్కన తిప్పయ్య టేపురికార్డరు తుడుస్తున్నాడు. సినిమా జట్టు యేసన్నతో కలిపి ఆ ముగ్గురే.

"డిటెక్టివును పిలుచుకొచ్చినావా? పోలీసులను కూడా పిలుచుకురాకపోతివి!" అన్నాడు దివాకర్.

"ఈ సీను మన కథలో లేదు గదప్పా," అన్నాడు తిప్పయ్య.

లోపలిగదిలో రీళ్ల పెట్టెకు తాళం లేదు. మూడో డబ్బాకు చుట్టిన నల్ల టేపు ఊడి ఉంది. లోపల రీలు వదులుగా, చేత్తో చుట్టినట్టు ఉంది. అంచున పసుపు మరక. డబ్బా అడుగున నాలుగు ఎర్రటి రేణువులు. ఎర్రిస్వామి వాటిని వేలికి అద్దుకొని వాసన చూశాడు. పెట్టెలో గాజుముక్కల పొట్లం లేదు. కొత్త గాజులూ లేవు.

లక్ష్మక్క అత్త, వితంతువైన ఆంజినమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నా కొడుకు జయరాముడు బెంగుళూరులో కట్టడం మీదినుంచి పడి ఆస్పత్రిలో ఉండాడు సామీ. మొన్న మంగళవారం కార్డు వచ్చె. మా బాధ మాకుంటే ఈళ్ల రీలు గోల ఒకటి!"

ఎర్రిస్వామి కార్డు అడిగి తీసుకొని చదివాడు. లక్ష్మక్క చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె ముంజేతులు కమిలి ఉండటం బయమ్మ చూసింది. గాజులవాడు తొడిగితే చెయ్యి అట్లా కమలదు, తనంతట తాను ఎక్కించుకుంటేనే కమలుతుంది. బయమ్మ ఆయన చెవిలో ఆ మాట చెప్పింది. ఆయన తల ఊపాడు.

పొద్దు వాలకముందే అందరినీ వసారాలో కూర్చోబెట్టాడు.

"రీలు మీద కోపం ఉన్నవాడు దాన్ని కోస్తాడు, లేదా పారేస్తాడు. ఇక్కడ వెలుతురు చూపించి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ చుట్టి డబ్బాలో పెట్టినారు. కాబట్టి ఇది భయంతో చేసిన పని. నంబర్లు తెలియనివాళ్లు డబ్బాను ఎట్ల గుర్తుపట్టినారు? దానికి కట్టిన గాజుముక్కలను చూసి. యేసన్నకు ఆ ముక్కలను మాయం చేసే పనిలేదు, అయినా అవి పోయినాయి. వాటితో పాటు కొత్త గాజులూ పోయినాయి. ఈ ఇంట్లో ఆంజినమ్మ కుంకుమ ముట్టదు."

అక్కడితో ఆపి ఊరకున్నాడు. అందరూ లక్ష్మక్క చేతులకున్న పచ్చగాజులను చూశారు.

"నేనే అన్నా," అంది లక్ష్మక్క. "గాజులు పగిలిన మర్నాడే కార్డు వచ్చె. ఆ బొమ్మ డబ్బాలో ఉన్నన్నాళ్లూ నేను మొగుడు లేనిదాన్నే గదా? ఊరూరా చూపిస్తారంట. నిన్న యేసన్న వచ్చిపోయినాక ఎండలో పరిచి చెరిపేసినా. ముక్కలు ఎండిన బాయిలో ఏసినా. నేరం ఆయప్ప మీద పడతాదనుకోలేదు. పడినాక నాకు నోరు రాలేదు."

"కార్డు ఎవరు చదివినారమ్మా?"

"దివాకరన్న."

"జయరాముడు పడింది శుక్రవారమని ఇందులో రాసి ఉంది. నీ గాజులు పగిలింది సోమవారం. నీ వల్ల ఏమీ జరగలేదు."

లక్ష్మక్క కార్డు అందుకొని, చదవలేని ఆ అక్షరాలను వేలితో తడిమింది. ఆంజినమ్మ కోడలి పక్కకు జరిగి దివాకర్ వైపు తిరిగింది.

"చదివినోనివి, ఆ ఒక్క మాట చెప్పేదానికి నీకు నోరు లేదాప్పా?"

"షూటింగుకు ఆలస్యమైతాందని... కాలు విరిగింది, బతికే ఉండాడని చెప్పి పోతి," అన్నాడు దివాకర్.

"ప్రిన్సిపాల్‌కు కాగితం నువ్వే రాయాల," అన్నాడు ఎర్రిస్వామి. "ఆమె పేరు వద్దు."

దివాకర్ రాశాడు. రీలు చెడింది తన తప్పువల్ల అనీ, యేసన్నకు ఏ సంబంధమూ లేదనీ. కింద సంతకం పెట్టి చేతికిచ్చాడు. యేసన్న రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ సీను లేకుండానే తీద్దాం రా," అన్నాడు దివాకర్. "రేపు పొద్దున నువ్వే కెమెరా పట్టాల. అందరి ముందర ఆ మాట కోపంలో అన్నాను రా, మనసులో పెట్టుకోవాకు."

యేసన్న లేచి గుడ్డలసంచి భుజానికి తగిలించుకున్నాడు. లక్ష్మక్క ముందు ఒక్క క్షణం ఆగి ఆమెకు తల ఊపాడు. తర్వాత కెమెరాను అక్కడే వదిలేసి గడప దాటి బస్సు రోడ్డు వైపు నడిచాడు.